రెండు సంతకాలు

మన పత్రికకు పిల్లల చదువుల మీద ఏదైనా రాయమని సంపాదకులవారు అడిగి మూడు నెలలు దాటింది. చదువు గురించి చెప్పడానికి మేము ఉపాధ్యాయులము కాము. మాలో ఒకరు ఇంజనీరుగా, ఒకరు ఆసుపత్రి లాబొరేటరీలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నవాళ్లము. తల్లిదండ్రులుగా, తరువాత మన తెలుగు తరగతుల బాధ్యులుగా ఎన్నో కాగితాల మీద సంతకాలు పెట్టాము. వాటిలో చాలావాటిని మరిచిపోయాము. రెండు మాత్రం మరపునకు రావడం లేదు. ఒకటి, పెట్టవలసి ఉండీ పెట్టనిది. రెండవది, పెట్టగూడదని తెలిసీ పెట్టినది. రెండూ పిల్లలు బడి గోడలు దాటి, చేతులతో కాళ్లతో నేర్చుకొనే చదువుకు సంబంధించినవే. కాబట్టి సలహాలు చెప్పడం మాని ఆ రెండింటి కథే రాస్తున్నాము. మన పాఠకులలో ఒకరిద్దరికైనా తమ ఇంటి కథలాగా అనిపించకపోదు.

మేము ఇర్వింగ్ వచ్చినది 1983లో. ఆ మరుసటి ఏడు లాస్ కొలీనాస్‌లోని విలియమ్స్ స్క్వేరులో తొమ్మిది కంచు గుర్రాలను నిలబెట్టారు. రాబర్ట్ గ్లెన్ అనే శిల్పి చేసినవి. గుర్రాలు వాగు దాటుతున్నట్టు, వాటి గిట్టల దగ్గర నీళ్లు చిందుతున్నట్టు అమర్చారు. మా అబ్బాయి పుట్టినదీ ఆ ఏడే. ఇండియానుంచి చుట్టాలు ఎవరు వచ్చినా ముందు గుడికి, తరువాత గుర్రాల దగ్గరికి తీసుకుపోవడం మాకు ఆనవాయితీ. వాటి ముందు నిలబడి మేము తీసుకొన్న ఫొటోలు ఒక ఆల్బమంత ఉంటాయి.

మా అబ్బాయి మూడో తరగతిలో ఉండగా వాళ్ల టీచరు పిల్లలందరినీ ఆ గుర్రాల దగ్గరికి తీసుకువెళ్లింది. ఇద్దరిద్దరికి ఒక దారపు ఉండ, ఒక కొలబద్ద ఇచ్చింది. గిట్ట చుట్టుకొలత ఎంత, గిట్టనుంచి మోకాలికి ఎంత ఎత్తు అని కొలిచి రాసుకొన్నారట. మర్నాడు తరగతిలో నిజమైన గుర్రం కొలతలు బోర్డు మీద రాసి, రెండూ పోల్చమన్నది. వాడు ఇంటికి వచ్చి వాళ్ల నాన్నను గోడకు ఆనించి నిలబెట్టి కొలిచి, “నువ్వు ఆ గుర్రంలాగా ఉంటే ఎనిమిదిన్నర అడుగులు ఉంటావు నాన్నా” అన్నాడు. ఆ గుర్రాలు అసలు గుర్రానికి ఒకటిన్నర రెట్లని మాకు అప్పుడు తెలిసింది. అన్నిసార్లు వెళ్లి ఫొటోలు తీసుకొన్న మాకు తెలియనిది, ఒక్కసారి దారం పట్టుకొని వెళ్లిన ఎనిమిదేళ్లవాడికి తెలిసింది.

అప్పుడైనా మాకు బుద్ధి రావలసింది. రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే మా చిన్ననాటి ఎక్స్‌కర్షన్ సంగతి చెప్పాలి.

మాలో ఒకరు గుంటూరులో చదువుకొనే రోజుల్లో, 1971లో, బడివాళ్లు మాచర్ల మీదుగా నాగార్జునసాగరు తీసుకువెళ్లారు. తలకు ఇంత అని డబ్బు వసూలు చేయడం, పొట్లాలు కట్టిన పులిహోర, బస్సులో సినిమా పాటలు, వెనక సీట్లో ఇద్దరికి వాంతులు. విజయపురి సౌత్‌లో పడవ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియము చూడడానికి వెళ్లారు. మ్యూజియములో ఏం చూశారో ఇప్పుడు ఒక్కటీ జ్ఞాపకం లేదు. పడవ నడిపే ఆయన అన్నమాట మాత్రం జ్ఞాపకం ఉంది: “మనం ఇప్పుడు లోయ మీద పోతున్నాం బాబూ, కింద ఊళ్లున్నాయి.” ఆనకట్ట నీళ్లు వచ్చేలోగా తవ్వకాలు జరిపి, ఇక్ష్వాకులనాటి కట్టడాలు కొన్నిటిని రాయి రాయిగా కొండ మీదికి చేర్చి మళ్లీ కట్టారని పుస్తకంలో చదివినదే. ఆ మాట విన్నాక పడవ అంచు మీదినుంచి నీళ్లలోకి చూస్తే ఒళ్లు ఝల్లుమన్నదట. కాని బడికి తిరిగివచ్చాక దాన్ని గురించి ఎవరూ అడగలేదు, పరీక్షలో రాలేదు. ఎక్స్‌కర్షన్ అంటే చదువు మధ్యలో ఒకరోజు సెలవు అనే మేమంతా అనుకొన్నాము. ఆ అభిప్రాయాన్ని పెట్టెలో సర్దుకొని సముద్రాలు దాటించి టెక్సాసుకు తెచ్చుకొన్నాము.

ఇక మొదటి సంతకం. 1995లో మా అబ్బాయి ఐదో తరగతి. ఆ తరగతివాళ్లను మూడు రోజులపాటు ఒక సరస్సు ఒడ్డున శిబిరానికి తీసుకుపోతామని బడినుంచి కాగితం వచ్చింది. పగలు నీటిలోని పురుగులను, ఒడ్డున రాళ్లను చూసి బొమ్మలు గీసుకోవడం, రాత్రి నక్షత్రాలను గుర్తుపట్టడం, వంతులవారీగా వంటకు, గిన్నెలు కడగడానికి సాయపడడం అని రాసి ఉంది. అడుగున తల్లి లేక తండ్రి సంతకం.

మేము ఆ కాగితాన్ని వారంపాటు ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంచాము. పాములుంటాయేమో. వీడికి ఈత రాదు. గొడ్డుమాంసం పెడతారేమో. రాత్రిపూట ఎవరు చూస్తారు? అన్నిటికంటె పెద్ద అనుమానం ఒకటి ఉంది, దాన్ని పైకి అనలేదు: మూడు రోజుల లెక్కలు పోతాయి. పొరుగింటి తెలుగువాళ్లను అడిగితే వాళ్లు కూడా “మేమూ పంపడం లేదు” అన్నారు. దానితో మాకు ధైర్యం వచ్చింది. పిరికితనానికి కూడా తోడు దొరికితే ధైర్యంలాగే ఉంటుంది.

ఆ వారమంతా మా అబ్బాయి ఎదురింటి పిల్లవాడి దగ్గర స్లీపింగ్ బ్యాగు ఒకటి అరువు తెచ్చుకొని, హాల్లో నేల మీద పరచుకొని అందులో పడుకొన్నాడు. అలవాటు చేసుకొంటున్నాడన్నమాట. మేము వద్దని చెప్పిన రాత్రి దాన్ని చుట్టి, తాడు కట్టి, ఎదురింటికి ఇచ్చివచ్చాడు. ఏడవలేదు. ఏడవలేదు గనుక పట్టించుకోలేదని అనుకొన్నాము.

మా ఇంటికి కొద్ది మైళ్ల దూరంలోనే డాలస్ విశ్వవిద్యాలయం ఉన్నది. పేరులో డాలస్ అని ఉన్నా అది ఉన్నది ఇర్వింగ్‌లోనే, 1956నుంచి. ఆ విశ్వవిద్యాలయం 1970నుంచి తన విద్యార్థులను రెండవ సంవత్సరంలో ఒక సెమిస్టరు రోము నగరానికి పంపిస్తున్నది. చదివిన కావ్యాలను, చరిత్రను ఆ నేల మీద నడిచి మళ్లీ చదువుకోమని. ఆ దారినే మేము రోజూ ఆఫీసుకు పోయేవాళ్లము. ఊళ్లో ఒక విద్యాలయం పిల్లలను సముద్రాల అవతలికి పంపుతుంటే, మేము మా వాణ్ణి మూడు రోజులు సరస్సు ఒడ్డుకు పంపలేకపోయాము.

ఆ మూడు రోజులూ ఏం జరిగిందో మాకు 2019లో తెలిసింది. అప్పటికి మా మనవరాలు ఐదో తరగతికి వచ్చింది. దానికీ అటువంటి కాగితమే వచ్చింది. మా అబ్బాయి దాన్ని చదవకుండానే, నిలబడే సంతకం పెట్టేశాడు. “చదివి పెట్టరా” అన్నాము. అప్పుడు చెప్పాడు, నవ్వుతూనే. శిబిరానికి వెళ్లని పిల్లలు నలుగురట. ముగ్గురు మనవాళ్లే. మూడు రోజులు లైబ్రరీలో కూర్చోబెట్టి లెక్కల కాగితాలు ఇచ్చారట. అది ఫరవాలేదు. శిబిరంనుంచి తిరిగివచ్చిన పిల్లలు ఒక మాట తెచ్చుకొన్నారు. అక్కడ ఏదో జరిగింది, దాన్నిబట్టి ఒక మాట పుట్టింది. ఆ మాట ఎవరైనా అంటే తరగతంతా పగలబడి నవ్వేవాళ్లు. “నాకు దాని అర్థం ఏడాదంతా తెలియలేదు. అడగడానికి సిగ్గేసింది. నేనూ నవ్వేవాణ్ణి” అన్నాడు.

ఇరవైనాలుగేళ్లు దాచుకొన్న మాట. మేము ఇద్దరమూ ఏమీ అనలేకపోయాము. మా వాడు ఆ మూడు రోజులకు ఆఫీసుకు సెలవు పెట్టి, పిల్లలకు తోడుగా తానూ శిబిరానికి వెళ్లాడు. ముప్పయి అయిదేళ్ల వయసులో స్లీపింగ్ బ్యాగు కొనుక్కొన్నాడు.

రెండవ సంతకం కథ ఇంతకంటె కష్టం. దీన్ని రాయడానికే మూడు నెలలు తటపటాయించాము.

మన పిల్లలకు శనివారాలు తెలుగు నేర్పే తరగతులలో మేము కొన్నేళ్లు పనిచేశాము. హైస్కూలు పిల్లలు కొందరు వాలంటీర్లుగా వచ్చి చిన్నవాళ్ల చేత అక్షరాలు దిద్దించేవారు. వాళ్లు ఎన్ని గంటలు పనిచేశారో రాసి సంతకం పెట్టే పని మాది. 2003లో ఈ దేశంలో రాష్ట్రపతి పేరిట సేవా పురస్కారం ఒకటి ఏర్పడింది. యువతీయువకులు ఏడాదిలో 100 గంటలు సేవ చేస్తే కంచు పతకం, 175 చేస్తే వెండి, 250 చేస్తే బంగారం అని పెట్టారు. కాలేజీ దరఖాస్తులో అది బాగుంటుందని మనవాళ్లలో పేరు వచ్చింది. మంచి ఉద్దేశంతో పెట్టినదే. కొలబద్ద చేతికి వస్తే గుర్రాన్ని కొలిచేవాళ్లు కొందరు, కొలబద్దనే సాగదీసేవాళ్లు కొందరు.

2009లో ఒక కుర్రవాడు మా దగ్గర పనిచేశాడు. పేరు వద్దు. చిన్నపిల్లలకు అక్షరాలు రాయించడంలో వాడిది ఒక పద్ధతి. వాళ్ల అమ్మమ్మ ఇండియానుంచి తెచ్చిన చింతపిక్కలు సంచీలో వేసుకొని వచ్చేవాడు. బల్ల మీద ‘అ’ ఆకారంలో పిక్కలు పేర్చమనేవాడు. వేలితో దాని మీద తిరగమనేవాడు. తరువాతనే పెన్సిలు. మేము ఆరునెలలు పలకల మీద దిద్దించినా రాని ‘ఋ’ పిల్లలకు చింతపిక్కలతో రెండు వారాలలో వచ్చింది. వాడు రాని శనివారం పిల్లలు “అన్నయ్య ఏడి?” అని అడిగేవారు.

ఏడాది చివర లెక్క చూస్తే వాడివి 64 గంటలు. వాళ్ల నాన్న మాకు కావలసినవాడు. ఫోను చేశాడు. “అన్నయ్యా, పిల్లవాడి భవిష్యత్తు. ముప్పయ్యారు గంటలు ఒక లెక్కా? వచ్చే ఏడు వచ్చి చేసేస్తాడు. మీరు 100 అని రాసేయండి” అన్నాడు. కాదంటే స్నేహం చెడుతుంది. రేపు గుళ్లో ఎదురుపడాలి. పిల్లవాడు నిజంగా మంచివాడు. ఇలా మాకు మేము పది కారణాలు చెప్పుకొని 100 అని రాసి సంతకం పెట్టాము. కాగితం తీసుకోవడానికి పిల్లవాడే వచ్చాడు. అంకె చూశాడు. మా మొహం చూశాడు. “థాంక్స్ అంకుల్” అని తల వంచుకొని వెళ్లాడు.

మరి రాలేదు. వచ్చే ఏడు మాట అటుంచి ఆ మరుసటి శనివారం కూడా రాలేదు. పతకం వచ్చిందని విన్నాము. పిల్లలు కొన్ని వారాలు అన్నయ్య ఏడని అడిగి, తరువాత మానుకొన్నారు. చింతపిక్కల సంచీ మా బీరువాలోనే ఉండిపోయింది.

పిల్లలు చూసి నేర్చుకొంటారు, చేసి నేర్చుకొంటారు అని మనమంతా చెబుతుంటాము. అది మంచి విషయాలకే వర్తిస్తుందని ఎవరన్నారు? ఆ కుర్రవాడు ఏడాదిపాటు మా తరగతిలో ఓర్పు నేర్చుకొన్నాడు, పసిపిల్లల మనసు తెలుసుకొన్నాడు. ఆఖరి రోజున మా సంతకం చూసి, అదంతా ఒక అంకె కోసమేనని, ఆ అంకె కూడా అడిగితే పెద్దలు వేసి ఇస్తారని నేర్చుకొన్నాడు. మేము వాడికి చెప్పిన ఆఖరి పాఠం అది.

మరుసటి ఏడాది, 2010 ఏప్రిల్ 11న, ఇర్వింగ్‌లో టెక్సస్ స్టేడియాన్ని కూల్చారు. 1971నుంచి 2008దాకా కౌబాయిస్ జట్టు ఆడిన స్టేడియం. ఊరు ఊరంతా తెల్లవారకముందే చూడడానికి వెళ్లింది, మేమూ వెళ్లాము. పేల్చే మీట నొక్కినది పదకొండేళ్ల బాలుడు. వ్యాసరచన పోటీలో గెలిచినందుకు వాడికి ఆ అవకాశం ఇచ్చారు. ఇల్లు లేని వాళ్లకు సాయపడడానికి వాడు అప్పటికే ఒక సేవాసంస్థ నడుపుతున్నాడు. దుమ్ము అణిగేదాకా నిలబడి చూస్తూ, ఆ పిల్లవాడు సాయం మొదలుపెట్టిన రోజున గంటలు ఎవరు లెక్కపెట్టి ఉంటారు అని మాలో మేము అనుకొన్నాము. ఆ మాట అన్నాక ఇంటికి వచ్చేదాకా ఇద్దరమూ మాట్లాడుకోలేదు.

గంటల లెక్కకు మేమే కొత్తగా విసుక్కోవడం లేదు. ఇంటర్నేషనల్ బకలారియట్ పద్ధతిలో చదివే పిల్లలకు సృజన, శారీరక శ్రమ, సేవ అని మూడింటిలోను పని ఉంటుంది. పూర్వం దానికి 150 గంటలని లెక్క ఉండేది. తరువాత ఆ లెక్క తీసేశారు. ఏం చేశావు, ఏం నేర్చుకొన్నావు అని పిల్లలు తమంతట తాము రాసుకోవాలన్నారు. గంటలు నిండితే మనసు నిండినట్టు కాదని వాళ్లకూ అనుభవం మీదనే తెలిసి ఉంటుంది.

మా కాలంలో గంటలు రాసుకొనే కాగితం లేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. పదివేలమంది ప్రాణాలు పోయాయి. మాలో ఒకరు అప్పుడు గుంటూరులో డిగ్రీ విద్యార్థి, ఎన్.ఎస్.ఎస్.లో సభ్యుడు. గాంధీగారి శతజయంతి ఏట, 1969లో, 37 విశ్వవిద్యాలయాలలో మొదలైన పథకం అది. అప్పటిదాకా దాని పేరిట చేసినది కాలేజీ ఆవరణలో గడ్డి పీకడం. ఉప్పెన వచ్చిన కొద్ది రోజులకు లెక్చరరుగారు ఒకరు పాతికమందిని లారీ ఎక్కించి చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వైపు తీసుకువెళ్లారు. లారీలో బియ్యం బస్తాలు, పప్పు, బ్లీచింగ్ పౌడరు.

అక్కడ చూసినదంతా ఇక్కడ రాయలేము. చచ్చిన పశువులకు గోతులు తవ్వడం వాళ్ల వంతుకు వచ్చిన పని. మూడోరోజున ఒక ముసలమ్మ వచ్చి నిలబడింది. బియ్యం ఇవ్వబోతే కొంగు పట్టలేదు. “అగ్గిపెట్టె ఉందా నాయనా?” అని అడిగింది. అప్పుడు వెలిగింది అందరికీ. ఊళ్లో పొయ్యి లేదు, పొడి పుల్ల లేదు, గిన్నె లేదు. బియ్యం తీసుకొని ఏం చేసుకొంటారు? ఇరవై బస్తాలు మోసుకొచ్చిన లారీలో ఒక్క అగ్గిపెట్టె లేదు. లెక్చరరుగారు పిల్లలవైపు తిరిగి, “ఎవరి జేబులో ఉందో తీయండిరా. ఈ రోజున ఎందుకుందని అడగను” అన్నారు. నాలుగు అగ్గిపెట్టెలు బయటికి వచ్చాయి. మర్నాడు లారీ మళ్లీ బెజవాడ వెళ్లి అగ్గిపెట్టెలు, కిరసనాయిలు, అల్యూమినియం గిన్నెలు తెచ్చింది.

సాయం చేయడానికి పోయేముందు అవతలివాళ్లకు ఏం కావాలో అడగాలని నాలుగేళ్ల డిగ్రీలో, ఆ తరువాత ఇక్కడి ఎమ్.ఎస్.లో ఎవరూ చెప్పలేదు. ఆ ముసలమ్మ చెప్పింది. లెక్చరరుగారు కూడా ఒడ్డున నిలబడి పురమాయించలేదు. పంచె ఎగగట్టి గోతిలో దిగారు. అది తరువాత చాలా ఏళ్లకు గాని మాకు బోధపడలేదు.

బోధపడినది 2024 వేసవిలో. మా మనవరాలికి పదిహేనేళ్లు. మా ఊళ్లో పేదవాళ్లకు ఆహారం పంచే కేంద్రం ఒకదానిలో వాలంటీరుగా చేరతానన్నది. పిల్లలు వస్తే పెద్దలు ఒకరు వెంట ఉండాలని నియమం. తల్లిదండ్రులకు ఆఫీసులు. మేము కారులో దింపి, ఒక మూల కుర్చీలలో కూర్చొని పత్రిక చదువుకొందామని వెళ్లాము. అక్కడి పెద్దావిడ మా ఇద్దరికీ చెరొక ఏప్రన్ ఇచ్చి, బంగాళాదుంపల బస్తాలు చూపించింది. మాకు కుర్చీ దొరకలేదు.

మూడోవారం అనుకొంటాము. వరుసలో ఒక తెలుగామె వచ్చింది. డబ్బాలు ఒక్కొక్కటి తిప్పి చూసి పెట్టేస్తున్నది. చిక్కుడుగింజల డబ్బాలలో మాంసం కలిసినవి ఉంటాయి, సన్నటి అక్షరాలలో రాసి ఉంటుంది. అదీ ఆమె వెతుకులాట. మా మనవరాలు దగ్గరికి వెళ్లింది. మేము దూరంనుంచి చూస్తున్నాము. ఆమెవైపు ఒకసారి చూసి, వెంటనే చూపు డబ్బాల మీదికి తిప్పుకొని, ఇంగ్లీషులో, అందరితో మాట్లాడినట్టే మాట్లాడి, మాంసం లేనివి నాలుగు ఏరి సంచీలో వేసింది. ఆమె వెళ్లిపోయింది.

కారులో చెప్పింది. ఆమె దాని స్నేహితురాలి తల్లి. వాళ్లింట్లో పుట్టినరోజు పండుగకు వెళ్లి భోజనం చేసి వచ్చింది. ఆయనకు ఉద్యోగం పోయిందని తెలుసు, ఇంత కష్టంగా ఉందని తెలియదు. “తాతయ్యా, నేను ఆంటీ అని పలకరించకపోవడం తప్పా? పలకరిస్తే ఆవిడకు బాధ అవుతుందేమో అనుకొన్నాను. ఆవిడ నన్ను గుర్తుపట్టింది. నానమ్మా, నువ్వైతే ఏం చేసేదానివి?”

మా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. మనవాళ్లు వరుసలో అవతలివైపు నిలబడి ఉంటారని మేము ఊహించనేలేదు. సేవ అంటే మనం ఇచ్చేది, వాళ్లెవరో పుచ్చుకొనేది అని నలభైఏళ్లుగా అనుకొంటున్నాము. దివిసీమలో నేర్చుకొన్నది కూడా ఇక్కడి పచ్చికబయళ్ల మధ్య మరుగున పడిపోయింది.

ఆ రాత్రి పడుకోబోయే ముందు దానికి గుర్తుకు వచ్చింది. ఆ రోజు గంటల కాగితం మీద సంతకం పెట్టించుకోలేదు. “మూడు గంటలు పోయాయి తాతయ్యా!” అని సణిగింది. పదిహేనేళ్ల పిల్ల, దానికీ దరఖాస్తుల బెంగ ఉంటుంది. కాని మరుసటి వారం వెళ్లగానే సంతకం సంగతి ఎత్తలేదు. ఆ పెద్దావిడతో మాట్లాడి, మాంసం లేని డబ్బాలన్నీ ఏరి ఒక అరలో సర్ది, ఒక్కొక్కదాని మీద ఆకుపచ్చ చుక్క అంటించింది. ఇక ఎవరూ ఆ సన్నటి అక్షరాలు చదువుతూ నిలబడనక్కరలేదు, ఎవరూ వచ్చి సాయం చేయనక్కరలేదు. మేమిద్దరమూ మధ్యాహ్నందాకా చుక్కలు అంటిస్తూనే ఉన్నాము.

ఇర్వింగ్‌లోని థామస్ జెఫర్సన్ పార్కులో గాంధీగారి విగ్రహం ఉన్నదని మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 2న ఆవిష్కరించారు. మన పిల్లలు అక్కడికి వెళతారు, మేము గుర్రాల ముందు తీసుకొన్నట్టే ఫొటోలు తీసుకొంటారు. ఆ పెద్దమనిషి 1910లో జొహానెస్‌బర్గు దగ్గర టాల్‌స్టాయ్ ఫారంలో పిల్లలకు బడి నడిపాడు. తోటపని, వంట, చెప్పులు కుట్టడం అన్నీ అందులో పాఠాలే. చెప్పులు కుట్టడం మిత్రుడు కాలెన్‌బాక్ నేర్చుకొని వస్తే, ఆయన దగ్గర తాను నేర్చుకొని పిల్లలకు నేర్పాడు. ఉపాధ్యాయుడు తాను చేయని పని పిల్లల చేత చేయించగూడదని అక్కడ నియమం పెట్టుకొన్నారు. 1937లో వార్ధాలో ‘నయీ తాలీం’ అని దేశం ముందు పెట్టిన విద్యావిధానానికి విత్తనం అక్కడే పడింది. మేము చిన్నప్పుడు బడిలో తకిలీ పట్టుకొని నూలు వడికినది దాని పుణ్యమే. మాకు వడకమని చెప్పిన మాస్టారు మాత్రం కుర్చీలో కునుకు తీసేవారు. అందుకేనేమో మా నూలు ఎప్పుడూ తెగిపోయేది.

మా ఇద్దరికీ ఇన్నేళ్లకు అర్థమయినది ఇంతే. బడి పిల్లలను బయటికి తీసుకుపోగలదు, పని చూపించగలదు. ఆ పని పిల్లల మనసులో చదువుగా మారడం, సరదాగానో అంకెగానో మిగిలిపోవడం ఇంట్లో పెద్దలను బట్టి ఉంటుంది. మేము సంతకం పెట్టకుండా ఒకసారి, పెట్టి ఒకసారి చెడగొట్టాము. రెండుసార్లూ మేము కుర్చీలోనే ఉన్నాము. ఏప్రన్ కట్టుకొన్న రోజున మాత్రం సంతకం అవసరమే రాలేదు.

అందుచేత మన సంఘానికి ఒక విన్నపం. ఏటా పిక్నిక్ చేసుకొంటాము, బాగానే ఉంటుంది. దానితోపాటు ఏడాదికి రెండుసార్లు పిల్లలు, పెద్దలు కలిసి ఊళ్లోనే ఒక చోటికి వెళదాము. వెస్ట్ ఫిఫ్త్ వీధిలో రూత్ పెయిన్ ఇల్లు ఉన్నది. కెన్నెడీ హత్యకు ముందురోజు రాత్రి, 1963 నవంబరు 21న, ఆస్వాల్డ్ పడుకొన్న ఇల్లు. నగరంవారు 2009లో కొని, బాగుచేసి, 2013లో మ్యూజియముగా తెరిచారు. మా మనవరాలు ఆ ఇల్లు చూసి, “ఇది మన పాత ఇల్లులాగే ఉందే!” అన్నది. చరిత్ర మనవంటి ఇళ్లలోనుంచే నడిచి వెళుతుందని దానికి ఒక్క నిమిషంలో తెలిసింది. బానిసత్వంనుంచి విడుదలయినవాళ్లు స్థిరపడిన బేర్ క్రీక్ పేట కూడా మన ఊళ్లోనే ఉన్నది. మనం నలభైఏళ్లుగా పక్కనే ఉంటూ, వాళ్ల తాతల కథ వినడానికి ఎంతమందిమి వెళ్లాము? వెళ్లేటప్పుడు పిల్లల చేతికి ఒక దారపు ఉండ ఇద్దాము, అంటే చేయడానికి ఏదో ఒక పని. సేవకు పోతే ఏం కావాలో ముందు అడిగి పోదాము. తిరిగి వచ్చాక “ఎన్ని గంటలయింది?” అని కాక “ఏం చూశావు?” అని అడుగుదాము. ఈ పని తలకెత్తుకొనేవాళ్లకు చింతపిక్కల సంచీ ఇవ్వడానికి మేము సిద్ధం.

పోయిన వారం మా మనవరాలు ఒక కాగితం తెచ్చింది. వాళ్ల సైన్సు క్లబ్బు గ్లెన్ రోజ్ వెళుతున్నది. అక్కడ పలక్సీ నది అడుగున రాతి మీద పదకొండు కోట్ల ఏళ్లనాటి డైనోసారు అడుగుజాడలు ఉన్నాయి. నీళ్లలో దిగి వాటిని కొలిచి రావాలట. తల్లిదండ్రులు ఊళ్లో లేరు. మాలో ఒకరు కలం తీశారు. “మీ సంతకం చెల్లదు తాతయ్యా, అమ్మే పెట్టాలి” అన్నది. తరువాత కాగితం వెనక్కి తిప్పి చూపించింది. “కాని తోడు రావడానికి పెద్దవాళ్లు ఇద్దరు తక్కువయ్యారు.”

మోకాళ్ల సంగతి మా డాక్టరుగారికి చెప్పలేదు. నీళ్లలో జారని బూట్లు రెండు జతలు కొనుక్కొన్నాము.